చిన్న ఆర్మ్ బోర్డు మీద /ప్రాక్ లేదు, /సిస్ లేదు. ఎక్కడ వెతకాలి?

ఉద్దానం_కుర్రోడు (కవిటి), శనివారం రాత్రి 8:10

అందరికీ నమస్కారమండీ. శ్రీకాకుళంలో ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు చెప్పక్కర్లేదు, నీళ్ళంటే మా వాళ్ళకి ఎప్పుడూ అనుమానమే. ప్లాంటు నుంచి వచ్చే నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం), ఉష్ణోగ్రత, ఎన్ని లీటర్లు పోయాయి అన్నది గంటగంటకీ నమోదు చేసి, వాకిట్లో అందరికీ కనబడేలా చూపించే చిన్న యంత్రం చేస్తున్నాను.

బోర్డులో ఉన్నది ఆల్‌విన్నర్ వి3ఎస్ చిప్పు. 64 ఎంబీ ర్యామ్ ఆ చిప్పులోనే ఉంటాది. లినక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే అసలు ప్రోగ్రాము) నేనే కంపైల్ చేశాను. బిజీబాక్స్ (మామూలు కమాండ్లన్నీ ఒకే ఫైలులో ఉండే ప్రోగ్రాము) స్టాటిక్‌గా కట్టాను. రూట్ ఫైల్‌సిస్టం చేత్తో పేర్చి ఎస్‌డీ కార్డులో పెట్టాను. సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే షెల్ వస్తోంది, ఎల్‌ఎస్ పనిచేస్తోంది. అక్కడి నుంచే తంటా. «ఫ్రీ» కొడితే /ప్రాక్/మెమ్‌ఇన్ఫో తెరవలేనంటోంది. ఉత్త «మౌంట్» కొడితే /ప్రాక్/మౌంట్స్ లేదంటోంది. «పీఎస్» కూడా అంతే. ఉష్ణోగ్రత సెన్సార్ చదివే నా ప్రోగ్రాముకి /సిస్/బస్/డబ్ల్యూ1 కావాలి, అదీ లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఈ ఫైళ్ళన్నీ ఉన్నాయి. రూట్ ఫైల్‌సిస్టం కట్టేటప్పుడు వీటిని ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాల?

కరెంటు ఎప్పుడు పోతాదో తెలీదు కాబట్టి కార్డుని రీడ్-ఓన్లీగానే ఉంచాను. సాయం చెయ్యండి.


పాలకొండ_రేడియో (పాలకొండ), రాత్రి 8:32

తమ్ముడూ, ల్యాప్‌టాప్‌లో /ప్రాక్/సీపీయూఇన్ఫో, /ప్రాక్/మెమ్‌ఇన్ఫో ఉన్నాయన్నావు కదా. అవి కాపీ చేసి కార్డులో ప్రాక్ అని ఫోల్డరు పెట్టి అందులో వేసి చూడు. ఫ్రీ కమాండుకి కావాల్సింది ఆ ఫైలే గదా. సెట్‌టాప్ బాక్సుల ఫర్మ్‌వేర్లు విప్పినప్పుడు కూడా ఆ ఫోల్డర్లు కనిపిస్తాయి. లోపల ఏటీ ఉండదు, అదెందుకో నాకూ తెలుసుకోవాలని ఉంది.


నాగావళి_గట్టు (శ్రీకాకుళం), రాత్రి 9:05

పాలకొండ అన్నా, లోపల ఏమీ ఉండదని మీరు చూసిందే అసలు సంగతి. ఆ ఫోల్డరు ఖాళీగానే ఉండాలి. /ప్రాక్, /సిస్ కింద కనబడేవి డిస్కు మీద ఎక్కడా లేవు. ఎవరైనా తెరిచి చదివిన క్షణంలో కెర్నెల్ తన లోపలి లెక్కలు చూసి ఆ అక్షరాలు తయారుచేసి ఇస్తాది. అందుకే ల్యాప్‌టాప్‌లో «ఎల్‌ఎస్ -ఎల్ /ప్రాక్/మెమ్‌ఇన్ఫో» కొట్టి చూస్తే సైజు 0 అని ఉంటాది, క్యాట్ కొడితే మాత్రం బోలెడంత వస్తాది.

మన పాత వంతెన దగ్గర నాగావళిలో నీటిమట్టం చూసే స్కేలు ఉందనుకోండి. ఎండాకాలంలో దాని ఫోటో తీసి ఇంట్లో తగిలించుకుంటే, వానాకాలంలో అది వరద సంగతి చెప్పదు. కాపీ చేసిన మెమ్‌ఇన్ఫో కూడా అంతే. ఫ్రీ కమాండు నోరు మూసుకుని ఏవో అంకెలు చూపిస్తాది, అవి ల్యాప్‌టాప్ అంకెలు. ఊరి నీళ్ళ లెక్క చెప్పాల్సిన యంత్రంలో అబద్ధపు అంకె ఉండటం కన్నా ఎర్రర్ రావడమే మేలు. ఇక /ప్రాక్/సెల్ఫ్ లాంటివి కాపీ చెయ్యడానికే కుదరదు. చదివే ప్రోగ్రాము ఏదైతే దాని నంబరుకి తిరుగుతూ ఉంటాది ఆ లింకు.

ఉద్దానం తమ్ముడూ, నీ కెర్నెల్ బానే లేచింది. నమ్మకం కోసం «అప్‌టైమ్», «యూనేమ్ -ఎ», «డిమెసేజ్» కొట్టు. అవి /ప్రాక్ అవసరం లేకుండా నేరుగా సిస్టం కాల్‌తో కెర్నెల్‌ని అడుగుతాయి కాబట్టి పనిచేస్తాయి. అవి పనిచేసి ఫ్రీ, పీఎస్ పనిచెయ్యకపోతే కెర్నెల్‌ది తప్పు కాదు, మౌంట్ అవ్వలేదంతే, అంటే కెర్నెల్ ఇచ్చే ఆ ఫైళ్ళని ఖాళీ ఫోల్డరుకి ఇంకా తగిలించలేదు.

ఇప్పుడు ఇది కొట్టు. కమాండ్లు తెలుగు అక్షరాల్లో పెడుతున్నాను, బోర్డు మీద ఇంగ్లిషులో కొట్టుకో.

మౌంట్ -టి ప్రాక్ ప్రాక్ /ప్రాక్
మౌంట్ -టి సిస్‌ఎఫ్‌ఎస్ సిస్‌ఎఫ్‌ఎస్ /సిస్

ఏ మెసేజ్ వచ్చిందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ పెట్టు. «ఎర్రర్ వచ్చింది» అని రాయకు, ఎందుకంటే ఇక్కడ మెసేజే సగం వైద్యం. «నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ» అంటే తగిలించడానికి ఆ ఖాళీ ఫోల్డరే లేదని. «నో సచ్ డివైస్» అంటే ఫోల్డరు ఉంది గాని ఆ రకం ఫైల్‌సిస్టం ఈ కెర్నెల్‌లో కంపైల్ అవ్వలేదని. రెండోదాంట్లో డివైస్ అన్న మాట చూసి చాలామంది వైర్లు, చిప్పులు విప్పడం మొదలుపెడతారు. దానికీ హార్డ్‌వేర్‌కీ సంబంధం లేదు. «డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ» వస్తే ఇప్పటికే మౌంట్ అయి ఉందని, కంగారు పడక్కర్లేదు.


పాలకొండ_రేడియో (పాలకొండ), రాత్రి 9:20

అర్థమయింది గురూ. కాపీ మాట తీసేద్దాం. మెసేజ్‌ల తేడా రాసి ఉంచుకున్నాను.


ఉద్దానం_కుర్రోడు (కవిటి), రాత్రి 10:15

అప్‌టైమ్, యూనేమ్, డిమెసేజ్ మూడూ పనిచేశాయి అన్నా. మౌంట్ రెండింటికీ «నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ». ఎల్‌ఎస్ కొడితే రూట్‌లో బిన్, ఎస్‌బిన్, ఈటీసీ, యూజర్, డెవ్ ఉన్నాయి. ప్రాక్, సిస్, టీఎంపీ లేవు. కాని నా రూట్ ఫోల్డరులో అవి ఉండేవి, నాకు బాగా గుర్తు. అక్కడే «ఎంకేడిర్ /ప్రాక్» కొడితే రీడ్-ఓన్లీ ఫైల్‌సిస్టం అంటోంది.


గంటస్తంభం (విజయనగరం), రాత్రి 10:40

బాబూ, ఆ రూట్ ఫోల్డరుని గిట్‌లో (ఫైళ్ళ మార్పులు దాచి ఉంచే సాధనం) పెట్టావా? పెట్టి, ఇంకో మెషీన్లో క్లోన్ చేసి అక్కణ్ణుంచి కార్డు తయారుచేశావా?


ఉద్దానం_కుర్రోడు (కవిటి), రాత్రి 10:44

అవును మేడమ్! కాలేజీ ల్యాబు మెషీన్లో క్లోన్ చేసి కార్డు రాశాం. మీకెలా తెలిసింది?


గంటస్తంభం (విజయనగరం), రాత్రి 11:02

నా దగ్గర ప్రాజెక్టులు చేసే పిల్లల్లో ఏటా ఎవరో ఒకరికి ఇది తగులుతుంది. గిట్ ఫైళ్ళనే గుర్తుపెట్టుకుంటుంది, ఖాళీ ఫోల్డర్లని కాదు. ప్రాక్, సిస్, టీఎంపీ మూడూ ఖాళీగా ఉండాల్సినవే కాబట్టి క్లోన్ చేసినప్పుడు మూడూ రాలేదు. డెవ్ మాత్రం మిగిలిందంటే దాన్లో ఏదో ఒక ఫైలు ఉండి ఉంటుంది.

దీనికి రెండు దారులు. ఒక్కో ఖాళీ ఫోల్డరులో గిట్‌కీప్ అనే చుక్క ఫైలు పెట్టడం ఒకటి. నాకు నచ్చేది రెండోది: కార్డు రాసే స్క్రిప్టులోనే «ఎంకేడిర్ -పి» తో ప్రాక్, సిస్, డెవ్, టీఎంపీ, రన్, రూట్ అన్నీ సృష్టించడం. అప్పుడు క్లోన్ చేసింది ఎవరైనా, ఏ మెషీన్ అయినా ఒకటే ఫలితం. డివైస్ నోడ్లు, ఫైలు యజమానులు కూడా గిట్‌లో నిలవవు. కాబట్టి రూట్ ఫైల్‌సిస్టాన్ని గిట్ నుంచి నేరుగా కార్డుకి దింపడం ఎలాగూ మంచి పద్ధతి కాదు.

కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫోల్డర్లు సృష్టించు. రీడ్-ఓన్లీ రూట్‌కి ఇదే ముఖ్యం: మౌంట్ పాయింట్లన్నీ ముందే ఉండాలి, బోర్డు లేచాక చెయ్యడానికి వీలుండదు.


ఉద్దానం_కుర్రోడు (కవిటి), ఆదివారం ఉదయం 7:25

డెవ్‌లో నిజంగానే ఒక ఫైలు ఉంది మేడమ్. మెక్‌నాడ్‌తో నోడ్లు చేసే పాత స్క్రిప్టు. బోర్డు మీద చూస్తే మాత్రం అది కనబడదు, కన్సోల్, నల్, టీటీవైఎస్0 లాంటివే కనబడతాయి.

ఫోల్డర్లు చేశాక చేత్తో కొడితే /ప్రాక్ మౌంట్ అయింది. ఫ్రీ, పీఎస్, మౌంట్ అన్నీ పలుకుతున్నాయి. రెండు చిక్కులు మిగిలాయి.

ఒకటి: /సిస్ మౌంట్ చేస్తే «నో సచ్ డివైస్».

రెండు: రీబూట్ చేస్తే /ప్రాక్ మళ్ళీ లేదు. ఈ రెండు మౌంట్ లైన్లూ బూట్‌లో నడిచే స్క్రిప్టు /ఈటీసీ/ఇనిట్.డి/ఆర్‌సీఎస్‌లో రాసి ఉన్నాయి. బూట్ అయ్యేటప్పుడు సీరియల్‌లో ఇలా వస్తోంది: «కాంట్ రన్ /ఈటీసీ/ఇనిట్.డి/ఆర్‌సీఎస్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ». కాని ఎల్‌ఎస్ కొడితే ఆ ఫైలు అక్కడే ఉంది! ఎగ్జిక్యూట్ అనుమతి కూడా ఉంది. ఉన్న ఫైలుని లేదంటాదేటి?


నాగావళి_గట్టు (శ్రీకాకుళం), ఉదయం 8:50

డెవ్‌లో స్క్రిప్టు కనబడకపోవడానికి కారణం, దాని మీద డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ (పరికరాల ఫైళ్ళని కెర్నెలే పుట్టించే ఫైల్‌సిస్టం) మౌంట్ అయి ఉంది. నీ కెర్నెల్‌లో కాన్ఫిగ్_డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్_మౌంట్ ఆన్‌లో ఉందన్నమాట. రూట్ మౌంట్ అయిన వెంటనే కెర్నెలే /డెవ్ మీద దాన్ని తగిలిస్తాది. ఒక ఫోల్డరు మీద ఇంకోటి మౌంట్ చేస్తే కిందివి కనబడవు, చెరిగిపోవు కూడా. ఆ డెవ్ ఫోల్డరు మిగలబట్టే కెర్నెల్‌కి దాన్ని తగిలించడానికి చోటు దొరికింది.

ఇక ఆర్‌సీఎస్ సంగతి. ఆ ఫైలు విండోస్‌లో ఎడిట్ అయ్యిందా? ల్యాప్‌టాప్‌లో «ఫైల్ ఆర్‌సీఎస్» కొట్టు. సీఆర్‌ఎల్‌ఎఫ్ లైన్ టెర్మినేటర్స్ అని వస్తే దొంగ దొరికినట్టే.

ఏమవుతాదంటే, విండోస్ ఎడిటర్లు లైను చివర రెండు అక్షరాలు పెడతాయి, లినక్స్‌కి ఒకటే కావాలి. స్క్రిప్టు మొదటి లైనులో /బిన్/ఎస్‌హెచ్ అని ఉంది కదా, దాని చివర కంటికి కనబడని ఆ మొదటి అక్షరం కూడా పేరులో భాగమే అనుకుంటాది కెర్నెల్. /బిన్‌లో ఆ పేరుతో ప్రోగ్రాము కోసం వెతుకుతాది, ఉండదు. లేదన్నది ఆర్‌సీఎస్‌ని కాదు, దాన్ని నడపాల్సిన షెల్‌ని. మెసేజ్ మాత్రం ఆర్‌సీఎస్ పేరు మీద వస్తాది, అందుకే అందరూ తికమక పడతారు. అనుమతి లేకపోతే వచ్చేది వేరే, «పర్మిషన్ డినైడ్».

ల్యాప్‌టాప్‌లో «డాస్2యూనిక్స్ ఆర్‌సీఎస్» కొట్టు. ఎఫ్‌స్టాబ్, ఇనిట్‌ట్యాబ్ కూడా అలాగే శుభ్రం చెయ్యి. వాటిలో ఈ అక్షరం ఉంటే ఇంతకన్నా కనిపెట్టలేని తేడాలు వస్తాయి.


గంటస్తంభం (విజయనగరం), ఉదయం 9:30

నేను సిస్‌ఎఫ్‌ఎస్ సంగతి చెప్తాను. «నో సచ్ డివైస్» అంటే కెర్నెల్‌లో అది లేదని నిన్న చెప్పుకున్నాం. /ప్రాక్ వచ్చింది కాబట్టి ఇప్పుడు నువ్వే చూడొచ్చు: «క్యాట్ /ప్రాక్/ఫైల్‌సిస్టమ్స్». ఈ కెర్నెల్‌కి తెలిసిన ఫైల్‌సిస్టాలన్నీ వస్తాయి. డిస్కు అక్కర్లేని వాటి ముందు నోడెవ్ అని ఉంటుంది. అందులో సిస్‌ఎఫ్‌ఎస్ లేకపోతే మౌంట్ కమాండుని ఎన్నిసార్లు తిప్పి రాసినా ప్రయోజనం లేదు.

సాధారణంగా ప్రాక్, సిస్‌ఎఫ్‌ఎస్ రెండూ వాటంతటవే ఆన్‌లో ఉంటాయి. ఎక్స్‌పర్ట్ అనే ఆప్షన్ పెడితే తప్ప వాటిని ఆపే మెనూ కూడా కనిపించదు. నీ కెర్నెల్‌లో సిస్‌ఎఫ్‌ఎస్ పోయిందంటే «మేక్ టైనీకాన్ఫిగ్» తో మొదలుపెట్టి ఉండాలి. అవునా? అది అన్నీ తీసేసిన ఎముకల గూడు. ప్రాక్ కూడా ఉండదు, దాన్ని నువ్వు తర్వాత కలిపి ఉంటావు. మెనూకాన్ఫిగ్‌లో (కెర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) ఫైల్ సిస్టమ్స్ కింద సూడో ఫైల్‌సిస్టమ్స్ అని ఉంటుంది. ప్రాక్, సిస్‌ఎఫ్‌ఎస్, టీఎంపీఎఫ్‌ఎస్ మూడూ అక్కడే.

అయితే నా సలహా వేరు. టైనీకాన్ఫిగ్‌కి ఒక్కొక్కటే అతికించుకుంటూ పోవద్దు. ఇవాళ సిస్‌ఎఫ్‌ఎస్, రేపు ఐ2సీ, ఎల్లుండి టైమర్. వి3ఎస్ లాంటి చిప్పుల కోసం కెర్నెల్ సోర్సులోనే సన్‌ఎక్స్ఐ_డెఫ్‌కాన్ఫిగ్ ఉంది. దాంతో మొదలుపెట్టి, అన్నీ పనిచేశాక అక్కర్లేనివి తీసుకుంటూ రా. ఉన్నదాన్ని తీసేటప్పుడు ఏది విరిగిందో వెంటనే తెలుస్తుంది. లేనిదాన్ని వెతకడం చాలా కష్టం. కాన్ఫిగ్_ఐకేకాన్ఫిగ్_ప్రాక్ కూడా ఆన్ చెయ్యి. అప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏ ఆప్షన్లతో కట్టిందో /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్‌లో చూసుకోవచ్చు. ఆరు నెలల తర్వాత ప్లాంటు దగ్గర నిలబడి ఇది దేంతో కట్టానో అని తల పట్టుకోకుండా ఉంటావు.


పాలకొండ_రేడియో (పాలకొండ), ఉదయం 10:05

మేడమ్ గారూ, ఒక అనుమానం. 64 ఎంబీలో ఇవన్నీ పెడితే ర్యామ్ తినేయవా? అందుకే కదా కుర్రాడు చిన్న కాన్ఫిగ్ ఎత్తుకున్నాడు.


గంటస్తంభం (విజయనగరం), ఉదయం 10:20

మంచి ప్రశ్న అండి. ప్రాక్ వల్ల కెర్నెల్ సుమారు 67 కేబీ పెరుగుతుందని కెర్నెల్ సహాయ పాఠంలోనే రాసి ఉంది, చాలా ప్రోగ్రాములు దీని మీద ఆధారపడతాయి కాబట్టి అందరూ ఉంచుకోండి అని కూడా. 64 ఎంబీలో 67 కేబీ అంటే వెయ్యిలో ఒకటో వంతు. మిగతా అక్షరాలు చదివినప్పుడే పుడతాయి, దాచి పెట్టుకోవు. సిస్‌ఎఫ్‌ఎస్ కొంచెం ఎక్కువ తింటుంది, కాని డ్రైవర్లతో మాట్లాడాలంటే అది లేకుండా కుదరదు. పొదుపు చెయ్యాల్సింది అక్కర్లేని డ్రైవర్లలో, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌లో.


చీపురుపల్లి_లైన్ (చీపురుపల్లి), మధ్యాహ్నం 12:40

ఇదే దారంలో అడగొచ్చో లేదో. నాది కొంచెం వేరు. నేను ముందు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (ర్యామ్‌లో ఉండే తాత్కాలిక రూట్) లేపి, అందులో /ప్రాక్, /సిస్, /డెవ్ మౌంట్ చేసి, తర్వాత «స్విచ్_రూట్» తో కార్డులోని అసలు రూట్‌కి వెళ్తున్నాను. ముందు అన్నీ ఉంటాయి, అటు వెళ్ళాక అన్నీ మాయం. కెర్నెల్‌లో అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్_మౌంట్ కూడా పెట్టాను.


నాగావళి_గట్టు (శ్రీకాకుళం), మధ్యాహ్నం 1:15

అడగండి, అడగాల్సిన చోటే. పెద్ద డిస్ట్రోల్లో ఉండే స్విచ్_రూట్ /ప్రాక్, /సిస్, /డెవ్, /రన్‌లని తనే కొత్త రూట్‌లోకి జరుపుతాది. బిజీబాక్స్‌లోది జరపదు. మీరే ముందు «మౌంట్ --మూవ్ /ప్రాక్ /న్యూరూట్/ప్రాక్» అని మూడింటినీ జరిపి అప్పుడు స్విచ్_రూట్ కొట్టాలి. లేదా అన్నీ అన్‌మౌంట్ చేసి, అటు వెళ్ళాక ఆర్‌సీఎస్‌లో కొత్తగా మౌంట్ చేసుకోవాలి.

ఇక డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్_మౌంట్ ఆప్షన్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ దారిలో లేచే సిస్టాలకి వర్తించదు. అక్కడ /డెవ్‌ని చేత్తో మౌంట్ చెయ్యాల్సిందే.

ఇలాంటిదే ఇంకోటి: బూట్ లైనులో ఇనిట్=/బిన్/ఎస్‌హెచ్ అని ఇచ్చి పరీక్ష చేస్తారు కొందరు. అప్పుడు ఇనిట్ (బూట్‌లో మొదట లేచే ప్రోగ్రాము) అన్నదే నడవదు, ఆర్‌సీఎస్ చదివేవాడు ఉండడు, /ప్రాక్ ఉండదు. అది తప్పు కాదు, అలా అడిగాం కాబట్టి అలా వచ్చింది.


ఉద్దానం_కుర్రోడు (కవిటి), ఆదివారం సాయంత్రం 6:30

మేడమ్, అన్నా, ఇద్దరూ చెప్పిందే. ఆర్‌సీఎస్ ల్యాబు మెషీన్లో విండోస్ మీద సేవ్ అయ్యింది, డాస్2యూనిక్స్ కొట్టగానే పరిగెత్తింది. సన్‌ఎక్స్ఐ_డెఫ్‌కాన్ఫిగ్‌తో కెర్నెల్ కట్టాను, /సిస్ వచ్చింది. /సిస్/క్లాస్, /సిస్/బస్ అన్నీ నిండుగా ఉన్నాయి. చూస్తుంటే భలే సంతోషంగా ఉంది.

కాని సెన్సార్ ఇంకా లేదు. /సిస్/బస్‌లో ఐ2సీ, యూఎస్‌బీ ఉన్నాయి, డబ్ల్యూ1 లేదు. సెన్సార్ డీఎస్18బీ20. నీటి ఉష్ణోగ్రత తెలియకుండా టీడీఎస్ చూపిస్తే తప్పుడు లెక్క అవుతాది కాబట్టి ఇది తప్పనిసరి.


నాగావళి_గట్టు (శ్రీకాకుళం), రాత్రి 7:40

తప్పనిసరే. టీడీఎస్ అంకె నీటి వాహకత (కరెంటుని పారనిచ్చే గుణం) నుంచి లెక్క కట్టేదే, ఆ వాహకత డిగ్రీకి సుమారు రెండు శాతం మారుతాది. మంచులో జనవరి పొద్దున్న ఒక అంకె, మే మధ్యాహ్నం ఇంకో అంకె వస్తే, నీరు మారిందని ఊరు హడలిపోతాది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ ఆమోదయోగ్య పరిమితి లీటరుకి 500 మిల్లీగ్రాములు. ఆ గీతకి దగ్గరగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత సవరణ చెయ్యకుండా అంకె చూపించడం అన్యాయం.

ఇప్పుడు నీ సమస్య మెట్టు మారింది. మౌంట్ దశ, కెర్నెల్‌లో ఫైల్‌సిస్టం ఉందా లేదా అన్న దశ రెండూ దాటావు. /సిస్‌లో ఒక ఫోల్డరు లేదంటే దాన్ని పుట్టించే డ్రైవరు ఎక్కడ ఆగిందో చూడాలి.

/సిస్/బస్/డబ్ల్యూ1 అసలు లేదంటే కెర్నెల్‌లో వన్‌వైర్ (ఒకే డేటా తీగ మీద సెన్సార్‌తో మాట్లాడే పద్ధతి, డబ్ల్యూ1 అంటే ఇదే) సబ్‌సిస్టమే కంపైల్ అవ్వలేదు, లేక మాడ్యూలుగా కట్టి మోడ్‌ప్రోబ్ చెయ్యలేదు. మెనూకాన్ఫిగ్‌లో డల్లాస్ వన్‌వైర్ సపోర్ట్ అని వెతికి, దాన్లోనే జీపీఐఓ (చిప్పు మీది మామూలు పిన్నులు) మాస్టర్, థర్మల్ ఫ్యామిలీ రెండూ పెట్టు.

అది వచ్చాక /సిస్/బస్/డబ్ల్యూ1/డివైసెస్‌లో డబ్ల్యూ1_బస్_మాస్టర్1 కనబడాల. ఫోల్డరు ఉండి మాస్టర్ లేకపోతే డ్రైవరు ఉంది గాని ఏ పిన్ను మీద కూర్చోవాలో దానికి ఎవరూ చెప్పలేదు. అది డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే పట్టిక) రాయాలి. నీ బోర్డు డీటీఎస్ ఫైలులో డబ్ల్యూ1-జీపీఐఓ అనే నోడ్ కలిపి పిన్ను నంబరు ఇవ్వు. అసలు కెర్నెల్‌కి నీ నోడ్ చేరిందా అన్నది /ప్రాక్/డివైస్-ట్రీలో చూసుకో. ఆ పేరు నిజానికి /సిస్/ఫర్మ్‌వేర్/డివైస్‌ట్రీ/బేస్‌కి వేసిన లింకు, కాబట్టి రెండూ మౌంట్ అయి ఉంటేనే పనిచేస్తాది. చాలామంది డీటీఎస్ మార్చి, పాత డీటీబీ (డీటీఎస్ నుంచి కంపైల్ అయ్యే ఫైలు) కార్డులో అలాగే ఉంచేస్తారు. ఇక్కడ చూస్తే అది తెలిసిపోతాది.

మాస్టర్ ఉండి, 28 తో మొదలయ్యే ఫోల్డరు లేదంటే అప్పుడు వైర్లు చూడు. డీఎస్18బీ20 కుటుంబం నంబరు 28. డేటా లైనుకి, 3.3 వోల్టులకి మధ్య 4.7 కిలోఓముల రెసిస్టర్ పెట్టావా?


ఉద్దానం_కుర్రోడు (కవిటి), రాత్రి 7:52

రెసిస్టర్ పెట్టాను అన్నా. డ్రైవరు, డీటీఎస్ రెండూ ఇప్పుడే చేస్తాను.


పాలకొండ_రేడియో (పాలకొండ), రాత్రి 8:10

ఒక్క మాట. సెన్సార్ వచ్చాక సరిగ్గా 85 డిగ్రీలు చూపిస్తే నమ్మకు. ఆ సెన్సార్‌కి కరెంటు అందగానే లోపల ఉండే మొదటి అంకె 85. కొలత పూర్తవ్వకుండా చదివినా, కరెంటు సరిపోకపోయినా అదే వస్తాది. కోల్డ్ స్టోరేజీల్లో ఈ సెన్సార్లు చాలా బిగించాను, ఫోను చేసి నలభై మెట్లెక్కించి పిలిచేది ఈ 85 కోసమే. ప్రోగ్రాములో 85000 వస్తే వదిలేసి మళ్ళీ చదవమని రాసుకో.


గంటస్తంభం (విజయనగరం), రాత్రి 8:25

ఇది విలువైన మాట అండి, నేను మా పిల్లలకి కూడా చెప్తాను.


పలాస_లోకో (పలాస), సోమవారం ఉదయం 6:50

మొదటి నుంచి చదివాను. మా ప్రాంతం పనికి ఇంత శ్రద్ధగా చెప్తున్నందుకు అందరికీ దండాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక మా దగ్గర ఏ యంత్రమూ లేవలేదు. కరెంటు వచ్చాక మనిషి తాకకుండా తనంతట తను లేచే యంత్రం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. తమ్ముడు రూట్‌ని రీడ్-ఓన్లీ పెట్టడం నాకు బాగా నచ్చింది.

నాదో చిన్న చిక్కు. ఇలాంటి బోర్డు మీదే డ్రాప్‌బేర్ (దూరం నుంచి లాగిన్ అవ్వడానికి చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్) పెట్టాను. పాస్‌వర్డ్ ఒప్పుకుంటాది, తర్వాత «పీటీవై అలొకేషన్ రిక్వెస్ట్ ఫెయిల్డ్» అని వస్తాది. /డెవ్/పీటీఎస్ అనే ఫోల్డరు కార్డులో ముందే చేసి ఉంచాను కూడా.


నాగావళి_గట్టు (శ్రీకాకుళం), ఉదయం 8:15

కార్డులో చేసిన /డెవ్/పీటీఎస్ ఇప్పుడు డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ కింద కప్పబడి ఉంది. ఉద్దానం తమ్ముడి పాత స్క్రిప్టు లాగే. /డెవ్ మౌంట్ అయ్యాకే ఆ ఫోల్డరు చెయ్యాల, అప్పుడు డెవ్‌పీటీఎస్ (దూరపు లాగిన్‌కి టెర్మినల్ ఇచ్చే ఫైల్‌సిస్టం) దాని మీద తగిలించాల. వరస తప్పితే పని జరగదు. నేను నా బోర్డుల్లో వాడే ఆర్‌సీఎస్ మొదటి లైన్లు ఇవి, ఇద్దరికీ పనికొస్తాయి:

మౌంట్ -టి ప్రాక్ ప్రాక్ /ప్రాక్
మౌంట్ -టి సిస్‌ఎఫ్‌ఎస్ సిస్‌ఎఫ్‌ఎస్ /సిస్
మౌంట్‌పాయింట్ -క్యూ /డెవ్ || మౌంట్ -టి డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ /డెవ్
ఎంకేడిర్ -పి /డెవ్/పీటీఎస్ /డెవ్/ఎస్‌హెచ్‌ఎం
మౌంట్ -టి డెవ్‌పీటీఎస్ డెవ్‌పీటీఎస్ /డెవ్/పీటీఎస్
మౌంట్ -టి టీఎంపీఎఫ్‌ఎస్ టీఎంపీఎఫ్‌ఎస్ /టీఎంపీ
మౌంట్ -టి టీఎంపీఎఫ్‌ఎస్ టీఎంపీఎఫ్‌ఎస్ /రన్
ఎల్‌ఎన్ -ఎస్‌ఎఫ్ /ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీ /డెవ్/ఎఫ్‌డీ

ఆఖరి లైను ఎందుకంటే /డెవ్/ఎఫ్‌డీ, /డెవ్/ఎస్‌టీడీఇన్ లాంటి లింకులు డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ సృష్టించదు. కొన్ని స్క్రిప్టులు వాటి కోసం వెతుకుతాయి. ఇవన్నీ చేత్తో రాసుకోవడం ఇష్టం లేకపోతే బిల్డ్‌రూట్ వాడండి, దాని ఇనిట్‌ట్యాబ్‌లో ఈ పనులన్నీ ముందే ఉంటాయి. కాని ఒక్కసారైనా చేత్తో చేసినవాడికి అది విరిగినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తాది.


పలాస_లోకో (పలాస), ఉదయం 8:58

లాగిన్ అయింది. ధన్యవాదాలు అన్నా.


ఉద్దానం_కుర్రోడు (కవిటి), సోమవారం రాత్రి 9:30

28 తో మొదలయ్యే ఫోల్డరు వచ్చింది! బకెట్లో నీళ్ళు పెట్టి చదివితే 27 డిగ్రీల పైన చూపించింది, మామూలు థర్మామీటరుతో సరిపోయింది. పాత డీటీబీయే కార్డులో ఉండిపోయింది, /ప్రాక్/డివైస్-ట్రీలో చూస్తే తెలిసింది. రేడియో అన్న చెప్పిన 85 పరీక్ష కూడా ప్రోగ్రాములో పెట్టాను.

ఇక ఆఖరిది, నీళ్ళ మీటరు. అది తిరిగినప్పుడల్లా ఒక పిన్ను మీద పల్స్ ఇస్తాది. నేను చూసిన పాఠాలన్నీ /సిస్/క్లాస్/జీపీఐఓ/ఎక్స్‌పోర్ట్‌లో పిన్ను నంబరు రాయమంటున్నాయి. నాకు /సిస్ నిండా ఉంది, క్లాస్ ఉంది, జీపీఐఓ మాత్రం లేదు.


గంటస్తంభం (విజయనగరం), రాత్రి 10:05

ఇది లేకపోవడమే మంచిది బాబూ. ఆ పద్ధతి 2016లో వచ్చిన 4.8 కెర్నెల్ నుంచి పాతబడిపోయింది. కాన్ఫిగ్_జీపీఐఓ_సిస్‌ఎఫ్‌ఎస్ పెడితే వస్తుంది, కాని కొత్త పని దాని మీద మొదలుపెట్టొద్దు. దాని బదులు «ఎల్‌ఎస్ /డెవ్» కొట్టి చూడు, జీపీఐఓచిప్0 అని ఉంటుంది. లిబ్‌జీపీఐఓడీ లైబ్రరీ కట్టుకుని «జీపీఐఓఇన్ఫో» కొడితే పిన్నులన్నీ, ఏది ఎవరు వాడుతున్నారో కూడా చూపిస్తుంది. నీ వన్‌వైర్ పిన్ను పక్కన డబ్ల్యూ1 పేరు కనబడుతుంది చూడు. పల్స్‌ల కోసం «జీపీఐఓమాన్» తో ముందు పరీక్షించి, తర్వాత నీ సీ ప్రోగ్రాములో ఎడ్జ్ ఈవెంట్ తీసుకో. ప్రోగ్రాము ఆగిపోతే పిన్ను దానంతట అదే విడుదలవుతుంది, పాత పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ అయి అలాగే ఉండిపోయేది.

మీటరులో రీడ్ స్విచ్ (అయస్కాంతంతో మూసుకునే స్విచ్) ఉంటే అది అదరడం వల్ల ఒక్క తిప్పుకి మూడు నాలుగు పల్స్‌లు వచ్చినట్టు లెక్క పడుతుంది. ఈవెంట్‌తో పాటు కెర్నెల్ ఇచ్చే టైమ్‌స్టాంప్ చూసి, మరీ దగ్గరగా వచ్చినవి వదిలెయ్యి. ఎంత దగ్గర అన్నది మీ మీటరు అత్యధిక వేగం బట్టి నువ్వే లెక్క కట్టుకో. ఎన్ని పల్స్‌లకి లీటరో మీటరు మీద రాసి ఉంటుంది. అయినా కొలత తెలిసిన డ్రమ్ము ఒకటి నింపి సరిచూసుకో.


ఉద్దానం_కుర్రోడు (కవిటి), రాత్రి 10:20

జీపీఐఓచిప్0 ఉంది మేడమ్. రేపు ప్లాంటు దగ్గరకి ఇరవై లీటర్ల డబ్బా పట్టుకుని వెళ్తున్నాను. లెక్క కుదరగానే ఆర్‌సీఎస్, డీటీఎస్, కాన్ఫిగ్ మూడు ఫైళ్ళూ ఈ దారంలోనే పెడతాను.